దగ్గుకు వాయిదా వేయరాదు: పల్లెలలో క్షయ వ్యాపించు విధము



పైరుపంటలను గూర్చి వ్రాయు పత్రికలో క్షయరోగమును గూర్చిన వ్యాసము కనబడుట మీకు వింతగా తోచవచ్చును. నేను వైద్యుడను కాను, వ్యవసాయాధికారిని. నేను చదివినది పైరు తెగుళ్ళను గూర్చి. నా పని పొలముగట్ల మీద. అయినను ఈ విషయమును ఇచ్చట ప్రస్తావించుటకు కారణము కలదు. క్షయను కలిగించునది సూక్ష్మజీవియే. కాని ఆ సూక్ష్మజీవి ఒకరినుండి పదిమందికి ప్రాకుటకు కావలసిన గడువును దానికి ఇచ్చునది మన సేద్యపు పనుల వరుస. నాట్లయిన తరువాత చూతము, కోతలయిన తరువాత చూతము, సరకు అమ్మిన తరువాత చూతము అని దగ్గుకు మనము వేయు వాయిదాలే పల్లెలో ఈ రోగమును మోసికొని తిరుగుచున్నవి. ఈ వాయిదాను మాన్పుట వైద్యులొక్కరివలన కాదు. రైతులు, కూలీలు, వారితో నిత్యము మెలగు మావంటి ఉద్యోగులు పూనుకొనవలెనని నా అభిప్రాయము.

పట్టణపు జబ్బు కాదు

క్షయ అనగానే మిల్లులు, మురికివాడలు, ఇరుకు సందులు గల పట్టణములు పలువురికి స్ఫురించును. పల్లెలో గాలి, వెలుతురు సమృద్ధిగానుండును గనుక ఇచ్చట ఆ జబ్బు అరుదని పూర్వము చదువుకొన్నవారు సైతము తలచెడివారు. భారత వైద్య పరిశోధన మండలి 1955 మొదలు 1958 వరకు జరిపించిన జాతీయ నమూనా సర్వే ఈ తలంపు తప్పని తేల్చినది. పట్టణములలో ఏ పాలున రోగులు కనబడిరో, పల్లెలలోను ఇంచుమించు ఆ పాలుననే కనబడిరి. మన మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరములో 1915లో క్షయ చికిత్సాలయము వెలసినది. అచ్చటి వైద్యులు 1950 మొదలు 1955 వరకు చుట్టుప్రక్కల గ్రామముల జనులను పరీక్షించి, పల్లెలలో ఈ రోగము ఎంతగా కలదో, ఎట్లు ప్రాకుచున్నదో లెక్కకట్టిరి. కాబట్టి మన పల్లెలలో క్షయ కలదను మాట నిన్న మొన్నటిది కాదు. డెబ్బది ఏండ్లక్రిందటనే ఋజువైన సంగతి.

2019 మొదలు 2021 వరకు దేశమంతట జరిగిన మరియొక సర్వేలో, 15 ఏండ్లు నిండినవారు లక్షమందిలో 316 మందికి ఊపిరితిత్తుల క్షయ కలదని పరీక్షలవలన రూఢియైనది. దీనిని మన ఊరి లెక్కలోనికి మార్చి చూతము. వెయ్యిమంది పెద్దవారున్న ఊరిలో సగటున ముగ్గురు. ప్రతి ఊరిలోను సరిగా ముగ్గురే యుందురని దీని అర్థము కాదు. కాని “మా యూరిలో అట్టి జబ్బు లేదు” అని ధైర్యముగా చెప్పదగిన పెద్ద యూరు ఏదియు లేదనుట మాత్రము నిజము. ఆ ముగ్గురు ఎవరో తెలియకపోవుటయే ఊరికి అసలు ప్రమాదము.

అంటుకొను విధము

1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు క్షయను కలిగించు సూక్ష్మజీవిని కనుగొన్నట్లు బెర్లినులో ప్రకటించెను. అంతవరకు ఈ జబ్బు వంశమువలన వచ్చుననియు, శాపమువలన వచ్చుననియు చెప్పుకొనెడివారు. ఒకే ఇంటిలో తండ్రికి, కొడుకునకు, కోడలికి వచ్చుటచే ఆ నమ్మకము బలపడినది. నిజమునకు వారికి ఉమ్మడిగా ఉన్నది రక్తము కాదు, గాలి.

ఊపిరితిత్తులలో క్షయ ఉన్న మనిషి దగ్గినపుడు, తుమ్మినపుడు, పెద్దగా మాటలాడినపుడు, పాడినపుడు కంటికి కానరాని తుంపరలు వెలువడును. వానిలో పెద్దవి నేలకు రాలును. మిక్కిలి చిన్నవి తడియారి, సూక్ష్మజీవులతోసహా గాలిలో గంటలకొలది తేలుచుండును. ఆ గాలిని పీల్చినవారి ఊపిరితిత్తుల లోతులకు అవి చేరును. ఇదియే ముఖ్యమైన మార్గము. రోగి తిన్న పళ్ళెమువలన గాని, కట్టిన బట్టవలన గాని, త్రాగిన చెంబువలన గాని, చేయి తాకుటవలన గాని ఈ జబ్బు అంటదు.

ఇచ్చటనే మన పల్లెల నడవడిలో ఒక తలక్రిందులైన వ్యవహారము కనబడుచున్నది. ఇంటిలో ఒకరికి క్షయ అని తెలిసినచో పళ్ళెము వేరుచేయుదురు, చెంబు వేరుచేయుదురు, దుప్పటి వేరుచేయుదురు. కాని అదే మనిషి, జబ్బు తెలియక ముందు, మూడు నెలలు అందరితోపాటు ఒకే గదిలో కిటికీ మూసికొని పండుకొనియుండును. వేరుచేయనక్కరలేనిదానిని వేరుచేయుదుము; తెరువవలసినదానిని మూసియుంచుదుము.

పొలములో పనిచేయునపుడు భయము చాల తక్కువ. అచ్చట గాలి వీచి తుంపరలను చెదరగొట్టును. ఎండ సూక్ష్మజీవిని చంపును. భయమంతయు మూసిన తావులలోనే. చలికాలపు రాత్రి తలుపులు బిగించిన ఒంటిగది ఇల్లు. ధాన్యపు బస్తాలు కిటికీకి అడ్డముగా పేర్చిన గది. పొగాకు గ్రేడింగు జరుగు గోదాము. మిరపకాయల తొడిమలు తీయు రేకుల షెడ్డు. పదిమందికి చోటున్న ఆటోలో ఇరువది మంది కూర్చుండి పనికిపోవు దారి. వలసకూలీలు వేసికొను గుడారము. ఇవియే రోగము చేతులు మారు సంతలు. ఒకసారి ఎదురుపడి మాటలాడినంత మాత్రమున సాధారణముగా రోగమంటదు. దినములతరబడి, వారములతరబడి ఒకే మూతగాలిని పీల్చుటవలన అంటును. కాబట్టి రోగి భార్యయు, భర్తయు, ప్రక్కలో పండుకొను మనుమడును ముందుగా దెబ్బతిందురు.

చికిత్స లేని రోగి ఒకడు సంవత్సరములో 5 మొదలు 15 మందివరకు అంటింపగలడని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సరియైన మందులు మొదలిడిన తరువాత రెండు మూడు వారములలోనే అంటించు శక్తి చాలవరకు సన్నగిల్లును. ఈ రెండు మాటలను కలిపి చూచినచో సంగతి స్పష్టమగును. ఊరికి ప్రమాదము మందులు మ్రింగుచున్న రోగివలన కాదు. తనకు జబ్బున్నదని తెలియని దగ్గరివలన, తెలిసియు దాచుకొన్నవానివలన.

అగ్గితెగులు చెప్పు పాఠము

వ్యవసాయ కళాశాలలో మాకు నేర్పిన మొదటి పాఠములలో ఒకటి ఇది: తెగులు రావలెనన్న మూడు కలియవలెను. తెగులును కలిగించు జీవి ఉండవలెను, లొంగెడి మొక్క ఉండవలెను, అనువైన వాతావరణము ఉండవలెను. వరిలో అగ్గితెగులునే చూడుడు. దాని శిలీంధ్రబీజములు గాలిలో ఎగురుచునే యుండును. కాని సాంబమసూరివంటి లొంగెడి రకము వేసి, నత్రజని మోతాదుమించి చల్లి, మంచు పడి ఆకు తడిగా నిలిచిన దినములలోనే చేను మాడిపోవును. ఆ మూడింటిలో ఒకదానిని తప్పించినను తెగులు తగ్గును.

క్షయకును ఇదే వర్తించును. సూక్ష్మజీవి ఒంటిలోనికి చేరిన వారందరును రోగులు కారు. వారిలో నూటికి ఐదుగురు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు పైకివచ్చును. తక్కినవారి శరీరము దానిని అణచియుంచును. ఆ అణచు శక్తి సన్నగిల్లినపుడే జబ్బు తలయెత్తును. తిండి చాలనివారు, మధుమేహమున్నవారు, పొగత్రాగువారు, మితిమీరి సారాయి త్రాగువారు, క్వారీలలోను కంకరమిల్లులలోను రాతిధూళి పీల్చువారు, హెచ్.ఐ.వి. సోకినవారు లొంగెడి రకపు మొక్కలవంటివారు. మధుమేహమున్నవారికి క్షయ వచ్చు అవకాశము ఇతరులకన్న రెండు మూడు రెట్లు అధికము. ఈనాడు పల్లెలలో కూడ మధుమేహము విరివిగా కనబడుచున్నది గనుక ఈ సంగతిని తేలికగా తీసికొనరాదు.

చిన్నబిడ్డలకు వేయు బి.సి.జి. టీకా మెదడుకు ప్రాకు క్షయవంటి తీవ్రరూపములనుండి వారిని కాపాడును. దానిని తప్పక వేయింపవలెను. కాని పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది ఆపజాలదని తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలిడిన పెద్ద పరిశోధన తేల్చినది. కావున “చిన్నప్పుడు టీకా వేసినారు, నాకేమి” అను ధీమా పనికిరాదు.

ప్రతి కాలమునకు ఒక సాకు

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాను. సేద్యము చేయువాని దగ్గుకు ఏడాది పొడుగున సిద్ధముగా ఒక కారణము దొరకును. నాట్ల కాలములో దగ్గినచో వానలో తడిసినందున అందురు. పురుగుమందు చల్లిన వారములో దగ్గినచో మందు వాసనవలన అందురు. కోతలనాడు మంచువలన, నూర్పిళ్ళనాడు వడ్ల దుమ్మువలన, మిరపకళ్ళములో ఘాటువలన, పొగాకు బేరనులో పొగవలన, చుట్ట త్రాగువానికి చుట్టవలన. ఈ కారణములలో ఏదియు అబద్ధము కాదు. వీనివలన దగ్గు వచ్చుట నిజమే. కాని అట్టి దగ్గు కొలదిదినములలో తగ్గవలెను. ఒక కారణము పోగానే మరియొక కారణము వచ్చి దగ్గును కాపాడుచుండగా నాట్లు మొదలు నూర్పిళ్ళదాక ఐదు నెలలు గడచిపోవును. పట్నములో కొలువుచేయువానికి ఇన్ని సాకులు దొరకవు. ఇది సేద్యగాండ్రకు ప్రత్యేకమైన ప్రమాదమని నా తలంపు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఇంతకుముందు చెప్పిన 2019-2021 సర్వేలో, క్షయను అనుమానింపదగిన లక్షణములు ఉన్నవారిలో నూటికి 64 మంది వైద్యసహాయము కోరనేలేదు. ఎందుకు పోలేదని అడుగగా వారిలో నూటికి 68 మంది చెప్పినది, లక్షణములను లెక్కచేయలేదని. ఖర్చు భరింపలేక పోలేదన్నవారు బహుకొద్ది. అనగా అడ్డము వచ్చినది డబ్బుకన్న ఎక్కువగా అలక్ష్యము. అదే సర్వేలో మరియొక సంగతి బయటపడినది. ఎక్స్‌రే తీయకయే యున్నచో రోగులలో నూటికి 42 మందికి పైగా బయటపడకయే యుందురు. కావున దగ్గు లేకున్నను రోగి ఇంటిలోనివారు, మధుమేహమున్నవారు ఊరిలో ఎక్స్‌రే శిబిరము పెట్టినపుడు తీయించుకొనుట మేలు.

అయితే తప్పంతయు రోగిమీదనే మోపుట న్యాయము కాదు. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అను ఇరువురు తుముకూరు జిల్లా గ్రామములలో జరిపి 1963లో ప్రకటించిన పరిశీలన నేటికిని చదువదగినది. రోగులలో ఇంచుమించు సగముమంది అప్పటికే చికిత్సకొరకు వెళ్ళియుండిరి. వైద్యశాలలు వారి తెమడను పరీక్షింపక దగ్గుమందు సీసా ఇచ్చి పంపివేసినవి. ఆరు దశాబ్దులు గడచినను ఈ అలవాటు పూర్తిగా పోలేదు. పల్లెలో దగ్గినవాడు మొదట పోవునది ఊరి ప్రైవేటు వైద్యుని వద్దకు. అచ్చట సూదిమందు వేయుదురు, నాలుగు బిళ్ళలు ఇత్తురు. వానిలో కొన్ని మందులు క్షయను కొన్నాళ్ళు అణచి, నయమైనట్లు భ్రమ కలిగించి, అసలు రోగమును కప్పిపుచ్చును. కావున మీరే నోరు తెరచి “రెండు వారములనుండి దగ్గు, తెమడ పరీక్ష చేయుడు” అని అడుగవలెను. అడుగుట మీ హక్కు.

సిగ్గు చేయు కీడు

వాయిదాకు సాకులు ఒక కారణమైనచో సిగ్గు మరియొక కారణము. క్షయ అని పేరు బయటపడినచో అమ్మాయి పెండ్లి చెడును, కోడలిని పుట్టింటికి పంపుదురు, కూలికి పిలువరు అను భయముచేత దగ్గును దాచుకొందురు. “పెద్దజబ్బు” అని గుసగుసలాడుదురు గాని పేరు చెప్పరు. దాచుకొన్నంతకాలము ఆ ఇంటి గాలిలో రోగము తిరుగుచునే యుండును. ఊరు తన్ను తాను కాపాడుకొనుటకు చేయు వెలి, ఊరినే ఎక్కువగా ముంచుచున్నది. రోగిని వెలివేసిన ఊరిలో రెండవ రోగి తన దగ్గును ఇంకను లోతుగా దాచుకొనును గదా!

రోగిని ఇల్లు వెడలగొట్టుట నిరర్థకమని మన పొరుగుననే ఋజువైనది. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు బీదరోగులను రెండు భాగములు చేసి, కొందరికి శానిటోరియములోను, కొందరికి వారి వారి ఇరుకు ఇండ్లలోనే మందులిచ్చి చూచిరి. 1959లో ఫలితములు ప్రకటించిరి. ఇంటివద్ద మందులు తిన్నవారికిని ఇంచుమించు సమానముగా నయమయ్యెను. వారి కుటుంబములోనివారికి అందువలన అదనముగా రోగము సోకలేదు. సోకవలసినది చాలవరకు మందులు మొదలిడకముందే సోకియుండెను. ప్రపంచమంతట క్షయ చికిత్స పద్ధతిని మార్చివేసిన పరిశోధన ఇది. మనకు బోధపడవలసినది ఒక్కటే. కాపాడునది పళ్ళెము వేరుచేయుట కాదు. పరీక్షను ముందుకు జరుపుట.

పప్పుగింజల పాత్ర

తిండికిని క్షయకును గల సంబంధమును మన రైతులు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఝార్ఖండు రాష్ట్రములో 2,800 మంది రోగుల ఇండ్లలోని 10,345 మందిమీద జరిగిన పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. రోగులందరికిని ఆహారము ఇచ్చిరి. వారిలో కొన్ని ఇండ్లయందు రోగి కుటుంబములోని ఒక్కొక్కరికి కూడ నెలకు 5 కిలోల బియ్యము, ఒకటిన్నర కిలో పప్పు, విటమిను బిళ్ళలు ఆరు నెలలపాటు ఇచ్చిరి. అట్లు ఇచ్చిన ఇండ్లలో, ఇయ్యని ఇండ్లకన్న క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గెను. ఊపిరితిత్తులలో రూఢియైన క్షయ 48 వంతులు తగ్గెను. ఇది ఖరీదైన మందు కాదు. మన చేలలో పండునదే.

వరి కోసిన మాగాణులలో మినుము, పెసర చల్లు రైతు, మెట్టలో కంది, వేరుసెనగ పండించు రైతు గింజలన్నియు మార్కెటునకు తోలి, ఇంటికి మాత్రము నీళ్ళచారు మిగుల్చుకొనుట ఎన్నో ఊళ్ళలో కలదు. ఎకరానికి దిగుబడి లెక్కకట్టుచున్నాము. ఇంటిలో మనిషికి నెలకు ఎంత పప్పు ఉడికినదో లెక్కకట్టుట లేదు. కళ్ళములోనే ఇంటి పప్పును విడదీసి ప్రక్కనుంచిన తరువాతనే తక్కినది బండికెత్తవలెనని నా సలహా. పెరటిలో మునగ, తోటకూర, నాలుగు కోళ్ళు ఉన్న ఇల్లు రోగమునకు సులభముగా లొంగదు. క్షయరోగికి ప్రభుత్వము నిక్షయ పోషణ పథకము క్రింద 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచు, 2024 నవంబరునుండి 1,000 రూపాయలకు పెంచినది. ఆ సొమ్ము తిండికొరకేగాని అప్పుల వడ్డీకి కాదని ఇంటిపెద్ద గుర్తుంచుకొనవలెను.

పాలను గూర్చి ఒక మాట. పశువులకును క్షయ కలదు. అట్టి పశువు పచ్చిపాలు త్రాగినవారికి రోగము సోకవచ్చును. పాలు పొంగువరకు కాచినచో ఆ భయము లేదు. మనలో పాలు కాచు అలవాటు మంచిదే. దూడకు విడిచినవి పోగా మిగిలిన గుమ్మపాలను పచ్చివిగా పిల్లలకు పట్టు అలవాటు మాత్రము మానవలెను.

నడుమ మానిన మందు

సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. మొదటి నెల తిరుగకముందే జ్వరము తగ్గును, ఆకలి పుట్టును, దగ్గు నిలుచును. అపుడే నాట్లో కోతలో వచ్చును; మందు మానివేయుదురు. ఇచ్చట పత్తిరైతులకు ఒక పాత సంగతి గుర్తుచేయవలెను. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలలో శనగపచ్చపురుగు సింథటిక్ పైరెత్రాయిడ్ మందులకు లొంగక పంటను నాశనము చేసినది. ఆ మందులను విచక్షణ లేక మాటిమాటికి చల్లుటచే, చావక మిగిలిన పురుగుల సంతతి పెరిగిపోయినది. సగములో మందు మానిన రోగి ఊపిరితిత్తులలోను చావక మిగిలిన మొండి సూక్ష్మజీవులే పెరుగును. అవి ఇతరులకు అంటినచో వారికి మొదటినుండియే మామూలు మందులు పనిచేయవు. వారి చికిత్స కష్టతరము.

వలసపోవువారు దీనిని మరింత జాగ్రత్తగా గమనింపవలెను. కర్నూలు జిల్లా పడమటి గ్రామములనుండి మిరపకోతలకు గుంటూరు ప్రాంతమునకు ఏటేట కుటుంబములు తరలిపోవుచున్నవి. పోవుటకు ముందు ఆశా కార్యకర్తకు చెప్పి, నిక్షయ నమోదు సంఖ్యను వెంట తీసికొనిపోయినచో, పోయిన చోటనే మందులు ఇప్పించు ఏర్పాటు కలదు. మందుల సరఫరా చేయు బాధ్యత మాత్రము ప్రభుత్వముదే. 2024 తొలినెలలలో కొన్ని రాష్ట్రములలో క్షయ మందులకు కొరత ఏర్పడినదని పత్రికలు వ్రాసినవి. రోగిని ఒక్క దినము మానవద్దని చెప్పు ప్రభుత్వము తాను ఒక్క దినము కూడ తప్పరాదు.

చేయవలసినవి

రైతు కుటుంబములకు నా సూచనలు ఇవి. దగ్గుగాని, సాయంకాలపు జ్వరముగాని రెండు వారములు దాటినను, బరువు తగ్గినను, తెమడలో నెత్తురు కనబడినను, ఏ పని కాలమైనను పరీక్షకు పోవలెను. పురుగుమందు డబ్బామీద తేదీ చూచుకొనునట్లు దగ్గు మొదలైన తేదీని గోడపంచాంగముపై గుర్తుపెట్టుకొనుడు. అప్పుడు సాకులకు తావుండదు. పండుకొను గదికి ఎదురెదురుగా రెండు గవాక్షములైనను ఉండవలెను. ధాన్యపు బస్తాలు వానికి అడ్డము పేర్చరాదు. దగ్గునపుడు తువ్వాలు అడ్డము పెట్టుకొనవలెను. రోగి ఇంటిలోనివారందరును, ముఖ్యముగా ఐదేండ్లలోపు బిడ్డలు, పరీక్ష చేయించుకొని వైద్యుడు చెప్పినచో నివారణ మందులు తీసికొనవలెను.

కూలీలను పెట్టుకొను రైతులకును, ముఠా మేస్త్రీలకును మరియొక మాట. దగ్గుచున్న కూలికి పరీక్షనాటి కూలి ఇచ్చి పంపుడు. మందులు మొదలిడినవానిని పనినుండి తొలగింపకుడు. వైద్యుడు సరే అన్న తరువాత వానికి ఓపికకు తగిన పని చూపుడు. మీ కూలివాడు పని పోవునను భయము లేక దగ్గును మీతో చెప్పుకొనగలిగిననాడు మీ గోదాములోని పదిమందియు క్షేమముగా నుందురు.

ఇక మా శాఖ మాట. “ఇది ఆరోగ్యశాఖ పని, మీకెందుకు?” అని కొందరు అడుగుదురు. పని ఆరోగ్యశాఖదే. తెమడను పరీక్షించుట మాకు రాదు, మేము చేయరాదు. కాని కోతలకు ముందు రైతులు గుమికూడు సమావేశము మాది. ఆ సమావేశములో ఆరోగ్య కార్యకర్తకు పది నిమిషములు ఇచ్చుటకు క్రొత్త జీవో అక్కరలేదు. పంట నమోదుకు చేనుచేనుకు పోవువారము గనుక, ఏ వారములో కోతలు మొదలగునో, ఏ దినములలో కూలీలు వలసపోవుదురో, పని తీరుబడి ఎప్పుడో మాకు ముందుగా తెలియును. ఎక్స్‌రే శిబిరములను, తెమడ సేకరణను ఆ పంటకాలపు పట్టికను బట్టి ఏర్పరచుటకు మేము ఆరోగ్యశాఖకు తోడ్పడవచ్చును. నాట్లనాటి పగలు పెట్టిన శిబిరమునకు ఎవరును రారు. అదే శిబిరమును తెల్లవారుజామున గాని, నాట్లకు వారము ముందుగాని పెట్టినచో వచ్చెదరు. అయితే ఒక హద్దు మాత్రము పాటింపవలెను. ఎవరు దగ్గుచున్నారని మేము పేర్లు వ్రాసికొనరాదు, ఊరిలో చెప్పరాదు. అట్లు చేసినచో సిగ్గును పెంచినవారమగుదుము, వాయిదాను పొడిగించినవారమగుదుము.

“ఒక దినము కూలి పోవును గదా, ఎవరిత్తురు?” అను ప్రశ్న న్యాయమైనది. పేదకూలికి ఒక దినము కూలి పోవుట చిన్న నష్టము కాదు. కాని ఐదు నెలలు ఆలస్యమైన క్షయకు ఆ ఇల్లు చెల్లించు వెల ఎంతో చూడుడు. మనిషి పనికి లేవలేడు, భార్యకో బిడ్డకో అంటును, పాడిగేదెను అమ్ముదురు, పిల్లవాడు బడి మాని కూలికి పోవును. పరీక్షకు పోవుదినము ఎన్నడును తీరిక దినము కాదు. తీరిక కొరకు ఆగువారికి తీరిక రాదు. చేలో అగ్గితెగులు మచ్చ కనబడిననాడు “కోతలయిన తరువాత మందు కొట్టెదను” అని ఏ రైతైనను అనునా? తెల్లవారకముందే సంచి భుజాన వేసికొని మా వద్దకు వచ్చును. ఆ తొందరను తన ఒంటిమీద, తన ఆలుబిడ్డల ఒంటిమీద కూడ చూపుమని కోరుచున్నాను.

ఈ సంచిక మీ చేతికి వచ్చిన దినమున మీ ఇంటిలో ఎవరి దగ్గైనను రెండు వారములు దాటియున్నచో, రేపు ఉదయమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు బయలుదేరుడు. పొలము పని ఒక పూట ఆగగలదు.